నాయిన వేసిన గచ్చు మీద అమెరికా కారు

మొన్న శనివారం మా మనవరాలు స్రవంతి ఫోన్ చేసి, "తాతా, ఏక్ నంబర్ గాడీ ఆలీ ఆహే. నువ్వు చూడాలె, ఆజ్‌చ యే" అంది. మంచి కారొకటి వచ్చింది, ఇవాళే బయల్దేరి రమ్మని దాని సారాంశం. మూడు భాషల్ని ఒకే గిన్నెలో కలిపి వడ్డించడం మా ఇంట్లో తన తరానికి అబ్బిన విద్య. నేను తెలుగులో రాసేది తను చదవలేదు కానీ, నేను మాట్లాడింది మాత్రం పొల్లు పోకుండా అర్థం చేసుకుంటుంది. ఇంజనీరింగ్ చదివి, థాణే దాటాక ఒక పెద్ద షెడ్డులో పాత కార్లకు కొత్త ప్రాణం పోసే చోట పనిచేస్తోంది. నేను ఇంజనీరింగ్ చదవలేదు. అయినా కారు వెనక భాగం గురించి సందేహం వస్తే ముందు నాకు ఫోన్ చేసి, ఆ తర్వాతే కంప్యూటర్ తెరుస్తుంది. ఇది గొప్ప చెప్పుకోవడమే. ఈ వయసులో నేను కాక నా గొప్పలు ఎవరు చెప్తారు?

వెళ్ళి చూస్తే నిజంగానే ఒకటో నంబరు బండి. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల అమెరికా ఇంజను. వెనక కమాన్ కట్టలు రెండూ ఊడదీసి గోడకు ఆనించారు. వాటి స్థానంలో రేసు కార్లకు పెట్టే సస్పెన్షన్ పెడుతున్నారు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. కమాన్ కట్ట అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. పాత కార్లలో వెనక ఇరుసును మోసేవీ, దాన్ని కదలకుండా పట్టుకునేవీ అవే. ఇంజను బలం ఎక్కువైతే ఆ పట్టీలు మెలిపడి వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి. అందుకని రేసు పద్ధతిలో బరువు మోసే పని రెండు చుట్టల స్ప్రింగులకు ఇచ్చి, ఇరుసును నాలుగు రాడ్లతో ఛాసిస్‌కు కట్టేస్తారు. అప్పుడు ఎంత తొక్కినా వెనక భాగం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. మోకాళ్ళు తిట్టుకుంటున్నా వినకుండా నేను కిందికి వంగి అంతా చూసి, లేచి, మొదట అడిగిన మాట: "ఈ గచ్చు మట్టం చూసిన్రా?" అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఇంత కారు ఎదురుగా పెట్టుకుని ముసలాయన నేల గురించి అడుగుతున్నాడేమిటని. స్రవంతి మాత్రం, "లేజర్ పెట్టి చూసినం తాతా. ఎందుకు?" అని అడిగింది. ఛాయ్ తాగుతూ వాళ్ళకు పొట్టిగా చెప్పింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

కామాటిపుర పేరు వినగానే బయటివాళ్ళు ముఖం ఒకలా పెడతారు. వాళ్ళు విన్న కామాటిపుర వేరు, నేను పెరిగింది వేరు. మాది పదకొండో గల్లీ. మూడంతస్తుల చాల్, అంతస్తుకు పన్నెండు గదులు, వాటి ముందు పొడుగాటి వరండా, వరండా చివర నల్లా. మా తాత పాలమూరు దిక్కు నుంచి కూలికి వచ్చి ఈ పట్నానికి గోడలెత్తాడు. నాయిన మల్లయ్య ఆ కూలి నుంచి మేస్త్రి దాకా ఎదిగాడు. పొద్దున్నే కిరోసిన్ స్టవ్వులకు పంపులు కొట్టే చప్పుడుతో చాల్ మొత్తం నిద్రలేచేది. ముందు కిరోసిన్ వాసన, దాని వెనకే జొన్నరొట్టె కాలే వాసన, ఆ తర్వాత ఎవరింట్లోనో ఎల్లిపాయ కారం నూరుతున్న ఘాటు. నల్లా దగ్గర బిందెల పంచాయితీ మరాఠీలో మొదలై, కోపం ముదిరిన కొద్దీ తెలుగులోకి దిగేది. పది గంటలకల్లా మగవాళ్ళంతా పనులకు పోతే వరండా నిండా ఆరేసిన చీరలే. సాయంత్రం నాయిన వచ్చేసరికి ఆయన బట్టల్లోంచి సిమెంటు వాసన, చెమట వాసన కలిసి గదంతా నిండేవి. నాకిప్పటికీ తడి సిమెంటు వాసన వస్తే ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

వచ్చీ రాగానే స్నానం చేసి, గోడకు ఆనుకుని కూర్చుని, కొబ్బరి నూనె చేతిలో పోసుకుని సిమెంటు కొరికిన వేళ్ళ పగుళ్ళలోకి ఎక్కించేవాడు. అది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇక ఆయన కన్ను సంగతి చెప్పాలి. వంకరగా ఉన్నది ఏదీ ఆ కన్ను భరించేది కాదు. ఎవరింటికి పోయినా ముందు గోడ మీది క్యాలెండర్ సరిచేసి గానీ కూర్చునేవాడు కాదు. "నన్ను సూసేటందుకు వచ్చిన నాడు గూడ నన్ను సూడలే, తలుపు చౌకట్టునే సూసిండు" అని అమ్మ నలుగురిలో ఆటపట్టించేది. ఆయన మీసాల చాటున నవ్వుకుని, "చౌకట్టు వంకరున్నది. నువ్వు సీదాగున్నవని చేసుకున్న" అనేవాడు. ముఖ్యంగా గచ్చు వేయడంలో ఆయనకు పేరు. మల్లయ్య వేసిన గచ్చు మీద నీళ్ళు నిలవవని చుట్టుపక్కల గల్లీలన్నీ చెప్పుకునేవి. వానాకాలంలో అందరి వరండాలూ మడుగులైనా, మా అంతస్తు వరండా మాత్రం అరగంటలో ఆరిపోయేది.

నేను మాత్రం ఆ పనిలోకి పోలేదు. ఫోరస్ రోడ్ వైపు సోరాబ్ సేఠ్ అనే పార్సీ ఆయన గ్యారేజీ ఉండేది. అంతకు ముందు అది బర్రెల తబేలా. ఆ తబేలాకు గచ్చు వేసింది కూడా నాయినే. సేఠ్ దగ్గర నేను టాక్సీల కమాన్ కట్టలు విప్పడం, విరిగిన పట్టీ మార్చడం, మళ్ళీ బిగించడం నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళకల్లా టాక్సీ గుంటలో పడ్డ చప్పుడు విని ఏ వైపు ఎన్నో పట్టీ విరిగిందో చెప్పేవాణ్ణి. పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు నిజమయ్యేది. పదోసారి సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, నేనూ గుర్తు చేసేవాణ్ణి కాదు. నాయినకు ఇది నచ్చేది కాదు. ఇల్లు కట్టేవాడి కొడుకు బండ్ల కింద పడుకోవడమేమిటని ఆయన బాధ. ఆ ఏడాది దాదర్ దగ్గర ఒక పెద్ద బిల్డింగు పని ఆయన చేతికి వచ్చింది. తన పక్కన నన్ను పెట్టుకుని మేస్త్రిని చేయాలని ఆశపడ్డాడు.

ఒక సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక ఆ మాట ఎత్తాడు. "సోమారం కెల్లి నా ఎంబడి రా. నాకు వయసు మీద పడ్తుంది. నా చేతి పని నీకు కాక ఎవరికిస్తరా?"

ఆ మాటలో ఉన్న అభిమానం అప్పుడు నా చెవికి ఎక్కలేదు. నా తల నిండా సేఠ్ కొత్తగా కొన్న అమెరికా కారు ఉంది. ఆయనకు రేసుల పిచ్చి. విదేశీ పత్రిక ఒకటి తెచ్చి, అందులో నాలుగు రాడ్ల సస్పెన్షన్ బొమ్మ చూపించి, పెట్టగలవా అని అడిగాడు. పెట్టగలనని బొమ్మ పూర్తిగా చూడకముందే ఒప్పుకున్నాను.

"నాయినా, సేఠ్ గాడీకి ఎనక రేసు కమాన్ నేనే పెడుతున్న. మన ఏరియాల ఎవడు పెట్టలే. పెట్టినంక అది సీదా నడిస్తే నన్ను ఇడిసిపెట్టు" అన్నాను.

"నడవకుంటే?"

"వచ్చే సోమారం కాదు, ఆ మీది సోమారం తాపీ పడ్త."

అమ్మ మధ్యలో, "ఏంది మీ ఇద్దరి పందెం? లవకర్ తినుండ్రి, సల్లారుతుంది" అంది. నాయిన ముద్ద కలుపుతూ, "మాట అంటే మాట" అన్నాడు. గదులకు తలుపులు మూసే అలవాటు లేని చాల్ కాబట్టి, చేయి కడుక్కునేలోగా ఈ సంగతి అంతస్తు మొత్తానికి తెలిసిపోయింది.

ఎనిమిది రోజులు ఆ కారు కిందే ఉన్నాను. ఫాక్‌లాండ్ రోడ్‌లో ఒక లేతు దుకాణంలో రాడ్లు చేయించాను. స్ప్రింగులు ఇంకో పాత బండి నుంచి తీసినవి. కారు శరీరాన్ని నాలుగు స్టాండ్ల మీద ఎత్తి నిలబెట్టాను. నాలుగు మూలలా నేల నుంచి ఎత్తు సమానంగా ఉందో లేదో ఒకే కర్రతో కొలిచాను. వెంట్రుక తేడా లేదు. తర్వాత ఇరుసు. దానికి ఇంట్లోంచి నాయిన లెవెల్ పైపు పట్టుకొచ్చాను. మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్నటి గొట్టం అది. నిండా నీళ్ళు పోసి రెండు చివరలూ ఎత్తి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఆ పైపు చివర పట్టుకునే నేను పెరిగాను. ఇరుసు రెండు చివరలూ ఆ నీళ్ళకు సరిపోయేలా పెట్టి, బ్రాకెట్లు వెల్డింగ్ చేసేశాను. సేఠ్ వచ్చి, "బరాబర్ హై నా?" అని అడిగితే, చేతులు తుడుచుకుంటూ, "సేఠ్, గచ్చు మా నాయినది, పైపు మా నాయినది. ఫిర్ గల్తీ కహా సే ఆయేగీ?" అన్నాను. ఇక తప్పెక్కడి నుంచి వస్తుందన్న ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆదివారం పొద్దున ఓడరేవు వైపు రోడ్డు ఖాళీగా ఉంటుందని అక్కడికి తీసుకుపోయాం. నాయిన ఉతికిన పంచె, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. జీవితంలో మొదటిసారి కారు ముందు సీట్లో కూర్చున్నాడు. సేఠ్ నడుపుతున్నాడు, నేను వెనక. నెమ్మదిగా పోతున్నంతసేపూ కారు గీత గీసినట్టు పోయింది. నాయిన వెనక్కి తిరిగి, "బాగనే ఉన్నది గదరా" అన్నాడు. ఆ గొంతులో కొంచెం దిగులుంది. ఓడిపోతున్నానని అనుకున్నాడేమో. అప్పుడు సేఠ్ గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు ఎగరలేదు, అంతవరకు నేను గెలిచాను. కానీ ముక్కు ఎడమకు లాగింది. సేఠ్ తిప్పి సరిచేసి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఎడమకే. నాలుగోసారికి ఫుట్‌పాత్ అంచు దాకా పోయి ఆపేశాడు. నాయిన దిగి, పదడుగులు వెనక్కి నడిచి, గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి కారు వెనక భాగాన్ని చూశాడు. "ఒక దిక్కు ఏలెడు కిందికున్నది" అన్నాడు.

గ్యారేజీకి వచ్చాక అడగడం మొదలుపెట్టాడు.

"గాడీని దేని మీద నిలబెట్టినవ్?"

"స్టాండ్ల మీద."

"స్టాండ్లు ఎట్ల కొలిచినవ్?"

"గచ్చు కెల్లి."

"మరి ఇరుసు?"

"నీ పైపుతోని."

నాయిన మూలనున్న నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచాడు. డ్రమ్ములోంచి లోటాతో నీళ్ళు ముంచి, కారును నిలబెట్టిన చోట పోశాడు. నీళ్ళు ఒక క్షణం ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, సన్నటి పాయగా కదిలి, గోడ వారగా ఉన్న మోరీలోకి జారిపోయాయి. "తబేలా గచ్చురా ఇది. బర్రెలను కడిగిన నీళ్ళు పోవాలని వాటం ఇచ్చిన. కంటికి ఆనకుండ ఇచ్చిన" అన్నాడు.

వాటం అంటే నీళ్ళు పోవడానికి నేలకు ఇచ్చే వాలు. అది లేని గచ్చు మీద నీళ్ళు నిలుస్తాయి. ఇది నాకు తెలియదా? మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. నాయిన గచ్చు మీద నీళ్ళు నిలవవంటే అది వాలుగా ఉన్నట్టే కదా అన్న చిన్న లెక్క, కారు కిందికి దూరాక నాకు తట్టలేదు. నాయిన చేసిన పని తప్పు కాదు అన్న ఒక్క నమ్మకమే మిగిలింది. కారు శరీరాన్ని గచ్చు ప్రకారం నిలబెట్టాను. అది వేలెడు వాలింది. ఇరుసును నీళ్ళ ప్రకారం నిలబెట్టాను. అది సరిగ్గా మట్టానికి ఉంది. ఒకదానికొకటి పొందిక లేని ఆ రెంటినీ నాలుగు రాడ్లతో కట్టి వెల్డింగ్ చేశాను. దాంతో ఒక వైపు రాడ్లు ఒక వాలులో, రెండో వైపువి ఇంకో వాలులో కూర్చున్నాయి. తొక్కినప్పుడల్లా ఇరుసు ఒక పక్కకు తోస్తోంది. అన్నీ గచ్చుతో కొలిచినా బండి సరిగ్గా వచ్చేది, అన్నీ పైపుతో కొలిచినా సరిగ్గా వచ్చేది. వేరే మెకానిక్ ఎవడైనా ముందు నేలనే అనుమానించేవాడు. మేస్త్రి కొడుకును కాబట్టి నేను అనుమానించలేదు.

ఇదంతా ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను. అప్పుడు సేఠ్ ముందు పరువు పోయిన కోపంలో, "నీ గచ్చే వంకరున్నది నాయినా, నేనేం జెయ్యాలె?" అని అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది. జీవితమంతా వంకరను సహించని మనిషిని పట్టుకుని అన్న మాట అది. నన్ను కొట్టినా బాగుండేది. "వంకర గాదు బిడ్డా, వాటం" అని, లోటా డ్రమ్ము మీద బోర్లించి, ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ పుంటికూర పప్పు చేసింది. నాకు ఇష్టమైన కూర. అంటే సంగతి ఆమెకు తెలిసిపోయిందన్నమాట. నాయిన పందెం ఊసెత్తలేదు. వేళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. చివరికి నేనే, "రేపు వస్త" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. పొరపాటయింది అని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. కారు పాడైనందుకు కాదు, ఆ మాట అననందుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సోమవారం అమ్మ రెండు డబ్బాలు కట్టింది. నాయిన తన రెండో తాపీ నా చేతికిచ్చాడు. ఇద్దరం గల్లీ చివరకు వచ్చాం. దాదర్ బస్సుకు కుడివైపు తిరగాలి. ఆయన ఎడమవైపు తిరిగాడు. నేను మానేస్తున్నానని సేఠ్‌కు చెప్పడానికేమో అనుకుంటూ వెనకే నడిచాను. గ్యారేజీ గుమ్మం ముందు ఒక సిమెంటు బస్తా, ఇసుక కుప్ప ఉన్నాయి. ముందురోజు ఇంటికి పోతూ పోతూ ఆయనే చెప్పి వేయించాడట. సేఠ్‌తో కారును పక్కకు తోయించి, సుద్దతో నేల మీద నాలుగు చదరాలు గీశాడు. "నాలుగు దిమ్మెలు కట్టు. వాటి మీద నీళ్ళు కదలొద్దు" అన్నాడు. తను ఒక పాత టైరు మీద కూర్చున్నాడు.

నేను కట్టాను. మూడో దిమ్మె నువ్వుగింజంత తేడా వస్తే పగలగొట్టించి మళ్ళీ కట్టించాడు. పైపుకు ఒక చివర ఆయన, ఒక చివర నేను. మధ్యాహ్నం అక్కడే డబ్బాలు విప్పి తిన్నాం. సాయంత్రానికి నాలుగూ పూర్తయి, పై పొర గట్టిపడ్డాక ఒక్కోదాని మీద కొన్ని నీళ్ళు వేసి, ఒక కన్ను మూసి చూశాడు. చుక్క కదలలేదు. అప్పుడు లేచి నా చేతిలోని తాపీ తీసుకున్నాడు. "సోమారం తాపీ పడ్తనంటివి. పట్టినవ్. మాట దీరింది. ఇగ నీ గాడీ నువ్వు జేస్కో" అన్నాడు. దాన్ని కడిగి, గోనెగుడ్డలో చుట్టి, తన సంచిలో పెట్టుకున్నాడు.

దిమ్మెలు ఆరేదాకా కారు కింద కొలతలు తీసుకుని, ఆరాక వాటి మీద కారును నిలబెట్టి, బ్రాకెట్లు కోసి మళ్ళీ వెల్డింగ్ చేశాను. ఈసారి గట్టిగా తొక్కితే సేఠ్ స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు ఆ నాలుగు దిమ్మెల మీదే నా బతుకు నిలబడింది. వెనక భాగం సరిగ్గా కూర్చోవాలంటే ఫోరస్ రోడ్‌కే పోవాలని పుణె దాకా పేరు పోయింది. స్రవంతి షెడ్డులో లేజర్ క్షణంలో చెప్పేది మేం రోజంతా చూసేవాళ్ళం. ఆ రోజులే మేలని నేననను. తను గ్లవుజులు వేసుకుని పనిచేస్తుంది, సాయంత్రం వేళ్ళకు నూనె ఎక్కించుకోవాల్సిన పని లేదు. అది చూస్తే నాకు హాయిగా ఉంటుంది.

ఇన్నేళ్ళూ ఈ కథను నా గెలుపు కథగానే అందరికీ చెప్పాను. మొన్న షెడ్డులోనూ అలాగే చెప్పి, చివర నవ్వుల కోసం ఆగాను. అందరూ నవ్వారు. స్రవంతి నవ్వలేదు. "తాతా, పందెం తూ హర్లాస్ నా? మరి మీ నాయిన ఎంబడి పనికి ఎవరు పోయిండ్రు?" అని అడిగింది.

ఎవరూ పోలేదు. పందెం ఓడింది నేను, నష్టం భరించింది నాయిన. మా ఇంట్లో ఆయన తర్వాత తాపీ పట్టినవాళ్ళు లేరు. మంగళవారం పొద్దున ఆయన ఒక్కడే ఒక్క డబ్బా పట్టుకుని దాదర్ పనికి బయల్దేరాడు. గల్లీ చివర ఆగి, వెనక ఎవరో వస్తున్నట్టు ఒకసారి తిరిగి చూశాడట. వరండాలోంచి అమ్మ చూసి చెప్పింది. నేను అప్పటికే గ్యారేజీలో కారు కింద ఉన్నాను.